దగ్గరి గెలాక్సీ ఏది?

మనకు అతి దగ్గరి గెలాక్సీ ఆండ్రోమెడా అని ఒక పుస్తకంలో, మాగెల్లానిక్ మేఘాలని మరో పుస్తకంలో చదివి, ఏది నిజమని అడిగారు. ఆండ్రోమెడా దగ్గరలోని పెద్ద గెలాక్సీ. సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. చిన్నవాటినీ లెక్కిస్తే పెద్ద మాగెల్లానిక్ మేఘం అనే చిన్న గెలాక్సీ దాదాపు 1.6 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. ధనూరాశి మరుగుజ్జు గెలాక్సీ అంతకంటే దగ్గర! పాలపుంత కేంద్రానికి అవతల, నక్షత్రాల గుంపు వెనుక ఉండటంతో 1994 దాకా అది బయటపడలేదు.

పొరుగు గెలాక్సీలన్నీ సర్పిలాలే (సుడి తిరిగిన చేతులున్నవే) అన్న మీ అభిప్రాయం మాత్రం సరికాదు. మన పాలపుంత, దాని పొరుగు గెలాక్సీలు కలిసిన స్థానిక సమూహంలో పెద్ద సర్పిలాలు మూడే: మనది, ఆండ్రోమెడా, ట్రయాంగులం. మిగతావి దాదాపు అన్నీ మరుగుజ్జులే, అంటే చిన్న గెలాక్సీలే. వాటిలో రకాలను వేరు చేయడానికి నేనైతే ముందు వాయువు ఎంత ఉందో చూస్తాను. మాగెల్లానిక్ మేఘాల ఆకారం అస్తవ్యస్తమే కానీ వాయువు పుష్కలం. అందుకే అక్కడి టారంటులా నెబ్యులా అనే వాయు మేఘంలో ఇప్పటికీ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. ధనూరాశి మరుగుజ్జులో వాయువు దాదాపు లేదు, ఉన్నవి ఎక్కువగా వయసు మళ్లిన నక్షత్రాలు. పాపం, పాలపుంత గురుత్వాకర్షణ దాన్ని పొడవాటి నక్షత్ర ధారలుగా చీల్చేస్తోంది.

మీ దగ్గర టెలిస్కోపు ఉంటే ఆండ్రోమెడా పక్కనే ఎం32, ఎం110 అనే చిన్న గెలాక్సీలను వెతకండి. రెండూ దీర్ఘవృత్తాకార రకమే. ఎం32 చిన్నగా, గుండ్రంగా, స్పష్టంగా కనిపిస్తుంది; సాగినట్టు మసకగా ఉండే ఎం110కి బాగా చీకటి ఆకాశం కావాలి.