పేరు తీసేస్తే చాలదు: పోక్సో వార్త రాసే ముందు చూసుకోవాల్సినవి

"మా మండలంలో పోక్సో కేసు నమోదైంది. అమ్మాయి పేరు తీసేశాను, ఫొటో బ్లర్ చేశాను. ఇక వార్త పంపేయొచ్చా?" అని ఓ విలేకరి అడిగారు.

అప్పుడే పంపకండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం (2012) 23వ సెక్షన్ పేరు దగ్గరే ఆగదు. చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఉండే పేట, ఇంకా ఆనవాలు దొరికే ఏ వివరమూ బయటపెట్టొద్దంటుంది. తప్పితే 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రాసినవాళ్లతో పాటు ప్రచురణకర్త, యజమాని కూడా బాధ్యులే. అమ్మానాన్నలు "రాసుకోండి సార్" అన్నా చెల్లదు. అనుమతి ఇవ్వగలిగేది ప్రత్యేక కోర్టే, అదీ బిడ్డ మేలు కోసమని కారణాలు రాసి. చనిపోయిన బాధితుల విషయంలోనూ గోప్యత తప్పదని 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది జమ్ముకశ్మీర్‌లోని కఠువాలో అత్యాచారం, హత్యకు గురైన బాలిక వివరాలు బయటపెట్టిన మీడియా సంస్థలను ఢిల్లీ హైకోర్టు తలా 10 లక్షల రూపాయలు కట్టమంది.

అసలు చిక్కు ఎక్కడంటే, మనం హైదరాబాద్‌లో పేపరు చదివేవాణ్ని ఊహించుకుని వివరాలు దాస్తాం. ఆ పిల్లను గుర్తుపట్టేది వాడు కాదు, ఊళ్లో టీ కొట్టు దగ్గర జిల్లా పేజీ తిరగేసేవాడు. వార్తలు దిద్దే డెస్క్‌కి మామూలుగా వచ్చే కాపీ ఇలా ఉంటుంది: "ఫలానా గ్రామంలో జడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్న బాలిక (14)పై వరసకు బాబాయి అఘాయిత్యం. తండ్రి గల్ఫ్‌లో ఉండగా తల్లి బీడీలు చుడుతోంది." పేరు లేదు, నిజమే. కానీ ఆ ఊరి తొమ్మిదో తరగతిలో ఆడపిల్లలు పదిహేను మంది ఉంటే, గల్ఫ్‌లో తండ్రి ఉన్నవాళ్లు ముగ్గురో నలుగురో. బాబాయి అనగానే ఒక్కరే మిగులుతారు. పైగా వార్త మొదట్లో వేసే డేట్‌లైన్‌లో ఊరి పేరు అలాగే ఉంటుంది, దాన్ని తీయడం అందరూ మర్చిపోతారు. జిల్లా పేరు వేసి, "ఓ బాలిక" అని, కేసు ఎప్పుడు నమోదైందో, ఏ దశలో ఉందో రాస్తే వార్తకు లోటేం ఉండదు.

నిందితుడు బంధువైతే మరీ జాగ్రత్త. పేరు వేసి వరస తీసేస్తే సరిపోతుందనుకుంటారు. ఇంటిపేరుతోనే ఊరికి తెలిసిపోతుంది, అందుకని నా లెక్కలో రెండూ వద్దు. మీరు వరస ఒక్కటే రాసి, పక్క పేపరు పేరు ఒక్కటే వేసినా రెండూ కలిపి చదివేవాళ్లుంటారు. నిందితుడే మైనరైతే బాల న్యాయ చట్టం (2015) 74వ సెక్షన్ ప్రకారం వాడి వివరాలూ బయటపెట్టకూడదు.

వీడియోలో బ్లర్‌ను నమ్ముకోకండి. పిల్ల తల తిప్పినప్పుడు మాస్క్ ఒకటి రెండు ఫ్రేములు జారుతుంది, ఎవరో అక్కడే స్క్రీన్‌షాట్ తీస్తారు. యూనిఫాం, ఇంటి గుమ్మం, తల్లి ముఖం, కెమెరా ముందు మాట్లాడించిన బైట్‌లో తల్లి గొంతు... వీటిలో ఏ ఒక్కటైనా చాలు. అసలు కుటుంబాన్ని తీయకుండా స్టేషన్ బోర్డో కోర్టు భవనమో తీసుకోండి. తల్లి మాటలను యాంకర్ చదివితే చాలు. వెబ్‌లో పెట్టేటప్పుడు ఫొటో ఫైల్ పేరు, లింకు, థంబ్‌నెయిల్ కూడా చూడాలి. లోపల వార్త శుభ్రంగానే ఉంటుంది, లింకులో మాత్రం ఊరి పేరు మిగిలిపోతుంది.

ఎక్కువమందికి తట్టని సంగతి ఒకటుంది. పిల్ల తప్పిపోయినప్పుడు పేరు, ఫొటో వేసి సాయపడతాం, అది మంచిదే. దొరికాక అత్యాచారం జరిగిందని తేలితే, నిన్నటి ఆ వార్తే ఇవాళ్టి బాధితురాలి ఫొటో అవుతుంది. వెబ్ నుంచి, యూట్యూబ్ నుంచి, వాట్సాప్ గ్రూపుల నుంచి దాన్ని వెంటనే తీసేయాలి. "దొరికిన బాలిక" అని మళ్లీ అదే ఫొటో వేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

పోలీసుల గ్రూపులో వచ్చిన ప్రెస్‌నోట్‌లోనో ఎఫ్ఐఆర్ కాపీలోనో పేరుంటే, "వాళ్లే ఇచ్చారు" అన్న వాదన మిమ్మల్ని కాపాడదు. పోక్సో ఎఫ్ఐఆర్‌లు బహిరంగంగా పెట్టొద్దని సుప్రీంకోర్టు నిపుణ్ సక్సేనా తీర్పులోనే చెప్పింది. ఫార్వర్డ్ చేయకండి.

ఇక ఏం రాయాలి? పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి తెలిపారా, పరిహారం అందిందా అని అడగండి. కింద పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఇవ్వండి. ప్రత్యేక కోర్టు కేసును విచారణకు స్వీకరించాక 30 రోజుల్లో బాలిక సాక్ష్యం నమోదు చేయాలని, వీలైనంతవరకు ఏడాదిలో విచారణ ముగించాలని 35వ సెక్షన్ చెబుతోంది. కేసు స్వీకరించిన తేదీ డైరీలో రాసుకుని నెల తర్వాత కోర్టుకు వెళ్లి అడగండి, మీ తర్వాతి వార్త అక్కడే ఉంటుంది.