నా బుద్ధే ఇలాంటిదా?

ప్రశ్న: వయసు 32. పర్లాకిమిడిలో సెల్ రిపేరు కొట్టు నడుపుతున్నాను. పెళ్లయి నాలుగేళ్లు. 2016లో జియో వచ్చినప్పటి నుంచి రాత్రిళ్లు ఫోన్ చూడటం అలవాటైంది. మొదట సినిమా పాటలు, తర్వాత పెద్దల వీడియోలు. ఒకప్పుడు ‘ఛీ’ అనుకున్నవే ఇప్పుడు వెతుక్కుని చూస్తున్నాను. చూశాక అసహ్యం. మా ఆవిడ దగ్గరికి వెళ్లాలనిపించడం లేదు. నా బుద్ధే ఇలాంటిదా?

జవాబు: ‘వెతుక్కుని’ అన్నారు. అన్నీ మీరే వెతికారా? ఫోనూ కొంత వెతికిపెట్టింది. ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగారో అది లెక్కపెడుతుంది. నచ్చి ఆగారా, ‘ఇదేంట్రా బాబూ’ అని ఆగారా దానికి తెలియదు. నేనోసారి కుక్కర్ పేలిన వీడియో భయంతో చివరిదాకా చూశాను. ఇక వారం రోజులు నా ఫోన్ నిండా పేలుళ్లే!

మెదడుదీ కొంత పాత్ర ఉంది. కొత్తది కనిపిస్తే అది ఉత్సాహపడుతుంది. పదిసార్లు చూశాక అదే పాత చింతకాయ పచ్చడి. అప్పుడు ఇంకాస్త ఘాటు కావాలి. ఇన్నేళ్లు ఇలా నడిచి ఎక్కడికో చేరారు. అదే మీ అసలు స్వభావమని బెంబేలు పడకండి.

అలాగని తేలిగ్గా వదిలేయమనను. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో, లైంగిక ప్రవర్తన అదుపు తప్పడం కూడా ఒకటి. అయితే ఆరు నెలలు గానీ, అంతకన్నా ఎక్కువ కాలం గానీ మానాలనుకున్నా మానలేక, ఇల్లో పనో దెబ్బతింటుంటేనే, లేదా మనిషి బాగా నలిగిపోతుంటేనే. ‘తప్పు చేస్తున్నా’ అన్న బాధ ఒక్కటే ఉంటే జబ్బు అనరు. మీ అసహ్యం కన్నా, మీ ఆవిడతో వచ్చిన ఎడమే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది.

రాత్రి ఫోన్ హాల్లో ఛార్జింగ్ పెట్టి గదిలోకి వెళ్లండి. హిస్టరీ తుడిచేయండి, ఎలాగో మీకు నేను చెప్పాలా! మొదట్లో నిద్ర పట్టదు, చిరాకేస్తుంది. మధ్యలో ఒకరోజు జారితే మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి. ఆవిడ ముందు ఒక్క రాత్రిలో అంతా కక్కేయకండి. మీ బరువు దిగుతుంది, ఆమె నెత్తికెక్కుతుంది. ‘ఫోన్‌లో పడి నీకు దూరమయ్యాను’ అంటే ప్రస్తుతానికి చాలు. ఆమె అడిగితే మాత్రం అబద్ధం ఆడొద్దు.

అయినా అదుపు కాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఎదురుగా కూర్చుని చెప్పుకోవాలంటే బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. మీ ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే కాబట్టి, ఆ బస్సు ప్రయాణమే మీకు నయం.