కాఫీ గ్లాసులు లెక్కపెట్టడానికా సభ్యత్వం?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. ట్రెజరీలో సీనియర్ అకౌంటెంటుగా చేసి కిందటేడు రిటైరయ్యాను. మా వారు హైస్కూలు టీచరుగా చేసి ఏడేళ్ల కిందటే రిటైరయ్యారు. మాది శ్రీకాకుళం. ఆయన రోజూ సాయంత్రం అయిదున్నరకి రిటైర్డు ఉద్యోగుల క్లబ్బుకి వెళితే తొమ్మిదింటికి గాని రారు. ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేక నేనూ చందా కట్టి చేరాను. మొదటి రోజు నేను వెళ్లగానే పేకాట బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. ‘మేడమ్‌గారికి కుర్చీ వెయ్యండి’ అన్నారు, వేశారు, ఆ తర్వాత ఒక్కరూ పలకరించలేదు. ఇంటికొచ్చాక మా వారు ‘నువ్వెందుకొచ్చేవు, వాళ్లకి ఇబ్బందిగా ఉంది’ అన్నారు. పెన్షనర్ల దినోత్సవానికి మాత్రం ముగ్గు వెయ్యమని, కాఫీలు చూసుకోమని కబురు పెట్టారు. అందరి పెన్షను కాగితాలూ నేనే నింపి పెడుతున్నాను. నాలాంటి ఆడవాళ్లు మరో ముగ్గురున్నారు. ఒకటి రెండు సార్లు వచ్చి మానేశారు. వాళ్లలో ఒకావిడ భర్త పోయాక గుమ్మం దాటడం లేదు. విడిగా మహిళా క్లబ్బు పెట్టుకోమంటారా, అన్నీ మానుకుని బెంగళూరులో అబ్బాయి దగ్గరికి పొమ్మంటారా?

జవాబు: అమ్మా, రెండూ వద్దు. విడి క్లబ్బంటే హాలు అద్దె, కరెంటు బిల్లు, తాళంచెవి, కార్యవర్గం. నలుగురు ఇవన్నీ మొయ్యలేరు. మూడు నెలలు తిరిగేసరికి మీ ఇంటి ముందుగదే క్లబ్బవుతుంది, కాఫీలు మళ్లీ మీరే కాస్తారు. ఇక బెంగళూరంటారా, మనవల్ని చూడాలనిపిస్తే నెల రోజులుండి రండి. అలిగి మాత్రం వెళ్లకండి. మీరు అడగాల్సింది చాలా చిన్నది: ఉన్న హాల్లోనే ఒక బల్ల, వారానికి రెండు రోజులు, రోజుకి గంటన్నర.

అయితే క్లబ్బు కన్నా ముందు తేల్చుకోవాల్సింది మీ వారితో. ఆయన మాట మిమ్మల్ని నొప్పించింది, నిజమే. ఆయన వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. ఏడేళ్లుగా పగలంతా ఆ ఇల్లు ఆయనొక్కడిదే, సాయంత్రమంతా ఆ బల్ల ఆయనది. ఏడాదిలో మీరు రెండు చోట్లకీ వచ్చారు. అక్కడ ఆయన ‘మాస్టారు’, నాలుగు జోకులు వేస్తారు, ఓడిపోతే విసుక్కుంటారు. భార్య ముందు ఆ వేషం వెయ్యడం చాలామంది మగవాళ్లకి చేతకాదు. కాబట్టి ‘మీ బల్ల దగ్గరికి నేను రాను, మీ ఆట చూడను, తొమ్మిదింటికి ఎందుకొచ్చారని అడగను. నా బల్ల నాకుంటుంది’ అని ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. భోజనాల దగ్గర వద్దు, పొద్దున్న కాఫీ అప్పుడు చెప్పండి. ఆయన అనుమతి అడిగినట్టు మాత్రం ఉండకూడదు. చందా కట్టింది మీరు.

ఆ చందా రసీదు ఒకసారి తీసి చూడండి. మీ పేరున పూర్తి సభ్యత్వం రాశారా, ‘ఫలానా వారి కుటుంబం’ అని రాశారా? ఇలాంటి చోట్ల తెలియకుండా జరిగే పొరపాటిది. క్లబ్బు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే బైలా, అంటే నియమావళి ఉంటుంది, సర్వసభ్య సమావేశం ఉంటుంది, సభ్యురాలిగా మీకో ఓటుంటుంది. లెడ్జర్లతో బతికినవారు మీరు, బైలా చదవడం మీకో లెక్కా! చదవండి గాని దాన్ని చూపించి దెబ్బలాడకండి. అది సంచిలో ఉంటే చాలు.

తర్వాత కార్యదర్శిగారికి అరపేజీ ఉత్తరం రాయండి. నోటిమాటగా అడిగితే ‘చూద్దాం మేడమ్’ అంటారు, ఆ చూద్దాం దసరాకి మొదలై సంక్రాంతి దాటుతుంది. ఉత్తరంలో మూడు ముక్కలు చాలు: ఏ రోజులు, ఏ వేళ, మూడు నెలలు చూశాక కొనసాగించడమో మానడమో తేల్చుకుందామన్న మాట. గడువు పెట్టి అడిగితే కాదనడానికి వాళ్లకి కారణం దొరకదు. మీతో పాటు ఆ ముగ్గురి సంతకాలు, వీలైతే ఒక మగ సభ్యుడి సంతకం కూడా పెట్టించండి. మీ వారిది మాత్రం వద్దు.

వేళ నాలుగు నుంచి అయిదున్నర పెట్టండి. పేకాటవాళ్లు వచ్చేసరికి మీరు లేస్తారు, ఎవరికీ ఎవరూ అడ్డం కారు. దీపం పెట్టే వేళకి ఇంటికి చేరతారు, మనవల్ని చూసుకునేవాళ్లకీ కుదురుతుంది. రోజుల విషయమే కాస్త చిక్కు. ఆదివారం అరసవల్లి, మంగళ, శుక్రవారాలు అమ్మవారు, గురువారం సాయిబాబా, శనివారం వెంకన్న. దేవుళ్లందరూ పోగా మిగిలేవి సోమ, బుధవారాలు. కార్తికమాసంలో సోమవారాన్ని కూడా శివుడికి వదిలెయ్యండి.

మొదటి రోజుకి ముందు మీరొక్కరే వెళ్లి మరుగుదొడ్డి చూడండి. గడియ పడుతోందా, లైటు వెలుగుతోందా, నీళ్లూ చెంబూ ఉన్నాయా? మీ స్నేహితురాళ్లు మానెయ్యడానికి పేకాట ఎంత కారణమో ఇదీ అంతే అయ్యుంటుంది. ఈ వయసులో గంటన్నర ఆపుకుని కూర్చోలేరు, పైకి చెప్పుకోనూ లేరు, రావడం మానేస్తారంతే. గడియ, బల్బు కలిపినా రెండు మూడు వందల్లో అయిపోతుంది. తర్వాత కుర్చీలు. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలే వేయించుకోండి. చేతుల్లేని కుర్చీ నుంచి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లేవలేరు. గోడ వైపు వీపు పెట్టి, ఫ్యాను నేరుగా నెత్తి మీద లేనిచోట కూర్చోండి. చెవులు కొద్దిగా మందగించినవారికి ఫ్యాను రొదలో ‘ఇస్తా’ అన్నా ‘వస్తా’ అన్నా ఒకటే, పొరపాటుగా జవాబిచ్చి నలుగురిలో నవ్వులపాలవుతామని నోరు మూసుకుంటారు. అది చూసి ‘ఆవిడకి గర్వం’ అంటారు.

ఇక ఏం ఆడాలి? క్యారమ్స్‌తో మొదలుపెట్టండి. నలుగురికి సరిగ్గా సరిపోతుంది, ఒకరు రాకపోతే ఇద్దరాడతారు, ఆట పావుగంటా ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. అటుగా వెళ్లే మగవాళ్లు కూడా నిలబడి చూసి ‘ఆ ఎర్రది కొట్టాల్సింది’ అని సలహా చెప్పకుండా ఉండలేరు. చెప్పనివ్వండి. పలకరింపులు అలాగే మొదలవుతాయి. కుర్చీ వేసినందువల్ల కావు.

బోర్డు కొనేటప్పుడు పిల్లలాడే చిన్నది వద్దు. లోపలి ఆట స్థలం 74 సెంటీమీటర్ల చదరం ఉన్న పూర్తి సైజుదే తీసుకోండి. చిన్న బోర్డు మీద నలుగురి మోచేతులు కొట్టుకుంటాయి. బోర్డుతో పాటు తెలుపు 9, నలుపు 9, ఎరుపు 1 కాయిన్లు ఉన్నాయో లేదో లెక్క చూసుకోండి. స్ట్రైకరు 15 గ్రాములు మించకూడదు. షాపువాడిచ్చే బరువైన స్ట్రైకరుతో కాయిన్లు ఎగిరిపడతాయి, గోళ్లు నొప్పెడతాయి. నేల మీద కూర్చుని ఆడడం ఇక కుదరదు గనక స్టాండు తప్పనిసరి, ఆట స్థలం నేలకి 63 నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. దానికన్నా తక్కువైతే నడుం వంగుతుంది, ఎక్కువైతే భుజం లాగుతుంది. బోర్డు మధ్యకి తిన్నగా పైన ఒక బల్బు వేలాడదీయించండి. శుక్లాల ఆపరేషనయిన కళ్లకి పక్కనుంచి వచ్చే వెలుతురుతో నల్ల కాయినూ దాని నీడా ఒకేలా కనబడతాయి. పౌడరు చిటికెడు చాలు. గుప్పెడు చల్లితే కాయిన్లు జారిపోయి ఆట చేతిలో ఉండదు, ఆయాసం ఉన్నవారికి దగ్గు కూడా. మరో సంగతి, మీ వారు ఎప్పుడైనా సరదాపడి ఆడతానంటే మీ ఇద్దరూ జట్టుగా కూర్చోకండి. ఇంట్లో లెక్కలన్నీ బోర్డు మీదికొస్తాయి.

క్యారమ్స్ రానివారికి పక్కనే గవ్వలతో అష్టాచెమ్మా వెయ్యండి. ఖర్చు సుద్దముక్క.

పెన్షను కాగితాలు నింపడం మీరు మానక్కర్లేదు గాని పద్ధతి మార్చండి. ఇప్పుడు మీరు ఇల్లు మారిన ట్రెజరీ. నెలలో మొదటి బుధవారం మాత్రమే ఆ పని పెట్టుకోండి. వచ్చినవాళ్ల ఫారం మీరు నింపకండి, వాళ్లచేత నింపించండి, ఇద్దరికి బాగా నేర్పండి. ఫోన్లో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ (పెన్షనరు బతికే ఉన్నారన్న ధ్రువపత్రం) తీసుకోవడం కూడా అక్కడే చేయించొచ్చు. జీవన్ ప్రమాణ్ యాప్‌తో పాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ వేసుకోవాలి, ఆధార్, పీపీఓ (పెన్షను చెల్లింపు ఉత్తర్వు), బ్యాంకు ఖాతా నంబర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నల్లగా పడి తిరస్కరిస్తుంది. కిటికీ వైపు తిరిగి, కళ్లద్దాలు తీసి, కెమెరా అద్దం పమిట చెంగుతో తుడిచి చూడండి. సగం ఇబ్బందులు ఈ చెంగుతోనే పోతాయి. మిగతా రోజుల్లో ఎవరైనా కాగితం చాపితే ‘మొదటి బుధవారం రండి’ అనండి. మొదట్లో ముఖం మాడుస్తారు, రెండో నెలకి అలవాటవుతుంది.

నాలుగో వారానికి జనం పల్చబడతారు. ఒకరికి జ్వరం, ఒకరింట పెళ్లి, ఒకరికి బద్ధకం. ఇద్దరే వచ్చినా ఆట ఆపకండి, తాళం తియ్యని రోజు ఒక్కటి పడినా ‘ఈ వారం ఉందో లేదో’ అనే అనుమానం మొదలవుతుంది. అందుకే తాళంచెవి ఇద్దరి దగ్గర ఉండాలి. కోడళ్ల మీద చాడీలంటారా, అవి ఎటూ వస్తాయి, ఆపలేరు. చేతిలో స్ట్రైకరు ఉంటే మాత్రం సగంలోనే తెగిపోతాయి.

ఒక్కదాని దగ్గర గట్టిగా ఉండండి: చీటీలు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు అందరి దగ్గరా ఉంటుంది, నలుగురు చేరగానే ఎవరో ఒకరు ‘నెలకి అయిదువేలు, ఇరవై మందిమి’ అంటారు. తర్వాత హామీ సంతకాలు, ఆ తర్వాత ఎవరి మేనల్లుడిదో స్కీము. చీటీ పాడుకున్నావిడ నెల తప్పిందంటే పోయేది డబ్బొకటే కాదు, ఆ బల్ల కూడా. ‘క్లబ్బులో డబ్బు లావాదేవీలు లేవు’ అని మొదటి రోజే నోటుబుక్కు మొదటి పేజీలో రాసి అందరిచేతా సంతకాలు పెట్టించండి. పౌడరుకీ టీకీ నెలకి తలా యాభై వసూలు చేసి, లెక్క అదే పుస్తకంలో రాయండి. టీ బయట కొట్టు నుంచి తెప్పించండి, మీరు మాత్రం కాయకండి.

గుమ్మం దాటని ఆవిడని ఫోన్లో రమ్మంటే రారు. మొదటి రోజు మీరిద్దరు మూడున్నరకే వాళ్లింటికి వెళ్లి, ఆవిడ చీర మార్చుకునేదాకా కూర్చుని, వెంటబెట్టుకుని తీసుకెళ్లండి. ఆడమని బలవంతం వద్దు, పాయింట్లు రాసే పుస్తకం చేతికివ్వండి. పనుంటే కూర్చోవడానికి కారణం ఉన్నట్టే. నిద్ర, తిండి కూడా తగ్గాయని తెలిస్తే మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416కి పక్కన కూర్చుని ఫోను చేయించండి.

రెండు నెలలు నిలబడ్డాక ఒక పూట బయటికి వెళ్లండి. నన్నడిగితే పొందూరు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి నూలు వడికే చోటు మన జిల్లాలోనే ఉన్నా, ఆ ఖద్దరు కట్టినవాళ్లలో ఎంతమంది ఆ దవడని చేత్తో పట్టుకుని చూశారు? సన్నటి పళ్లు, దువ్వెనలా వరసగా ఉంటాయి. ముందే ఫోను చేసి పని జరిగే రోజు కనుక్కోండి. పన్నెండు మందికి ఒక వ్యాను, ఏడున్నరకి బయల్దేరి ఒంటిగంటలోపు ఇంట్లో ఉండేలా. షుగరున్నవారి టిఫిను, మాత్రలు వాళ్ల సంచిలోనే ఉండాలి, వ్యాను డిక్కీలో కాదు. అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్లకి వదిలేసి డిసెంబరు తర్వాత పెట్టుకోండి. మగ సభ్యులకీ కబురు చెప్పండి. ఎవరు బల్ల వదిలి వస్తారో చూద్దాం.

పెన్షనర్ల దినోత్సవం, డిసెంబరు 17 రానే వస్తుంది. 1982లో అదే రోజున సుప్రీంకోర్టు డి.ఎస్. నకారా అనే పెన్షనరు వేసిన కేసులో తీర్పిచ్చింది, పెన్షను దయాధర్మం కాదని. ఆ తీర్పు పేరు చెప్పుకునే పండగలో మిమ్మల్ని కాఫీ గ్లాసులు లెక్కపెట్టమన్నారు. ఈసారి కబురు వస్తే నవ్వుతూనే చెప్పండి: ‘ముగ్గు వేస్తామండీ. వేదిక మీద నకారా తీర్పు గురించి పది నిమిషాలు నేను మాట్లాడతాను, ఆహ్వానపత్రంలో నా పేరు వెయ్యండి. కాఫీలకి ఈసారి పేకాట బల్లవాళ్లని పెట్టండి.’