తెరవని ఆ రెండో డబ్బాయే మీ కేసు

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం రోజూ గ్రౌండుకు, జిమ్ముకు వెళ్లేవాడు. 2025 మార్చిలో ఆన్‌లైన్‌లో ఒకే ఆర్డరులో రెండు డబ్బాల వే ప్రొటీన్ (పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి) తెప్పించాను. రెండూ కలిపి 11,600 రూపాయలు. లేబుల్ మీద 30 గ్రాముల స్కూప్‌కు 24 గ్రాముల ప్రొటీన్ అని ఉంది. మొదటి డబ్బా అయిపోవస్తున్నా ఒంట్లో మార్పు లేదు సరికదా, రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువగా వచ్చింది. వాడు భయపడి ప్రాక్టీసు మానేశాడు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. వాణ్ని అలా చూడలేకపోతున్నాను. అడుగున మిగిలిన పొడిని జిప్ కవరులో వేసి ప్రైవేటు ల్యాబుకు ఇస్తే స్కూప్‌కు 14.2 గ్రాములే ఉందన్నారు. ఖాళీ డబ్బా పాతసామాన్లవాడికి వేసేశాం. కంపెనీకి మెయిలు పెడితే రెండో డబ్బా తిరిగి పంపండి, మొత్తం డబ్బు ఇచ్చేస్తాం అంటున్నారు. మా బావమరిది కొడుకేమో పది లక్షలు ఇవ్వకపోతే రిపోర్టు యూట్యూబ్‌లో పెడతామని రాయమంటున్నాడు. పోలీసు కేసు పెట్టవచ్చా? పరిహారం ఎంత వస్తుంది?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ కేసును తేల్చే మాట మీ లేఖలో ఒక్కటే ఉంది. దాన్ని మీరు కంపెనీ మెయిలు గురించి చెబుతూ దాటేశారు. రెండో డబ్బా ఇంకా మీ ఇంట్లోనే ఉంది. దాని సీలు తీయలేదనే అనుకుంటున్నాను. తీయకపోతే మీకు కేసు ఉంది. తీసినా, కంపెనీకి తిరిగి పంపేసినా మీ చేతిలో మిగిలేది ల్యాబువాళ్లిచ్చిన కాగితం ఒక్కటే.

అందుకని ముందు లేచి వెళ్లి ఆ డబ్బాను తేమ తగలని చోట, తాళం వేసే బీరువాలో పెట్టండి. పెట్టేముందు సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, లైసెన్సు నంబరు కనబడేలా ఫొటోలు తీయండి. అసలు సరుకో కాదో చూసుకోవడానికి గోకే కోడు ఉంటే దాన్ని ఇప్పుడు గోకవద్దు. కంపెనీ వేసే మొదటి వాదన నాకు ఇప్పుడే తెలుసు: "అది మా సరుకే కాదు, ఎవరో నకిలీది అమ్మారు" అంటుంది. దానికి జవాబు ఆ కోడులోనే ఉంది. దాన్ని గోకడం వినియోగదారుల కమిషన్ ఎదుటే జరగాలి.

ఇక మీ ల్యాబ్ రిపోర్టు. జతచేసిన కాపీ చూశాను. నమూనా వివరం దగ్గర "ప్రొటీన్ పొడి" అని తప్ప ఏమీ లేదు. బ్యాచ్ నంబరు గడి ఖాళీగా ఉంది. చివర చిన్న అక్షరాల్లో "ఈ ఫలితాలు మాకు అందిన నమూనాకు మాత్రమే వర్తిస్తాయి" అని ఉంది. కంపెనీ వకీలు ఆ ఒక్క వాక్యం చదివి కూర్చుంటాడు. మీరిచ్చిన పొడి ఆ డబ్బాలోదే అనడానికి ఆధారం ఏది? నెలల తరబడి మూత తీసి పెట్టిన డబ్బాలో ఏం కలిసిందో ఎవరికి తెలుసు? ఖాళీ డబ్బా అయినా ఉంటే దాని మీది నంబరు చూపించేవాళ్లం. దాన్నీ పాతసామాన్లకు వేశారు. సరుకు మీద అనుమానం వచ్చి, ల్యాబుకు డబ్బు కట్టి పరీక్ష చేయించిన మనిషి, ఆ సరుకు వచ్చిన డబ్బాను పారేయడం క్షమించలేని అజాగ్రత్త. ల్యాబ్ ఫారంలో బ్యాచ్ నంబరు రాయడానికి అర నిమిషం పట్టేది.

ఇది నా పట్టింపు అనుకోకండి. 2015లో మ్యాగీ నూడుల్స్ నిషేధాన్ని బాంబే హైకోర్టు కొట్టేసింది. నమూనాలు తీయాల్సిన పద్ధతిలో తీయలేదని, పరీక్షించిన ల్యాబులకు చట్టం కోరే గుర్తింపు లేదని, ఆ రిపోర్టుల మీద ఆధారపడలేమని చెప్పింది. మళ్లీ పరీక్షకు మూడు ల్యాబులను కోర్టే నిర్ణయించింది. వాటిలో ఒకటి మన హైదరాబాదుది. ప్రభుత్వ యంత్రాంగం మొత్తం వెనక ఉన్న కేసే ల్యాబు గుర్తింపు దగ్గర, నమూనా దగ్గర కూలిపోతే, జిప్ కవరు రిపోర్టుతో మీరు ఎంత దూరం పోతారు?

మీరు పంపిన పత్రికా కత్తిరింపు గురించి కూడా ఒక మాట. 2024లో కేరళ వైద్యుడి నేతృత్వంలో 36 రకాల ప్రొటీన్ పొడులను పరీక్షిస్తే సుమారు 70 శాతంలో ప్రొటీన్ వివరం లేబుల్‌తో సరిపోలేదన్న మాట నిజమే. ఆ అధ్యయనం మన మార్కెట్ ఎలా ఉందో చెబుతుంది. మీ డబ్బాలో ఏముందో చెప్పదు. దాన్ని ఫిర్యాదుకు జతచేయండి, దాని మీద ఆధారపడకండి.

పరీక్ష సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది ఫిర్యాదుదారులు గెలవాల్సిన కేసు పోగొట్టుకుంటారు. మామూలుగా ల్యాబులు ప్రొటీన్‌ను నేరుగా కొలవవు. కెల్డాల్ పద్ధతిలో పొడిలోని నత్రజని ఎంతో చూసి, దాన్ని 6.25తో హెచ్చవేస్తాయి. నత్రజని ప్రొటీన్ నుంచే వచ్చిందా, ఇంకోదాన్నుంచి వచ్చిందా అన్నది ఆ లెక్కకు తెలియదు. చవకగా దొరికే, నత్రజని ఉన్న గ్లైసిన్, టారిన్, క్రియాటిన్ లాంటివి కలిపితే అంకె పెరుగుతుంది, ప్రొటీన్ మాత్రం పెరగదు. 2008లో చైనాలో పాలపొడిలో నత్రజని ఎక్కువగా ఉండే మెలమైన్ అనే రసాయనం కలిపింది ఈ లెక్కను మోసగించడానికే. మీ రిపోర్టులోనూ వాడింది నత్రజని పద్ధతే. అందులోనే 14.2 వచ్చిందంటే అసలు ప్రొటీన్ ఇంకా తక్కువ కావచ్చు. కాబట్టి కమిషన్‌ను అడిగేటప్పుడు "ప్రొటీన్ పరీక్ష" అని రాసి వదిలేయకండి. నత్రజని లెక్కతో పాటు అమైనో ఆమ్లాల (ప్రొటీన్ తయారయ్యే మూలపదార్థాల) వివరం, విడిగా కలిపిన గ్లైసిన్, టారిన్, క్రియాటిన్ ఎంతో కూడా తేల్చాలని కోరండి. ఆహార భద్రత చట్టం 43వ సెక్షన్ కింద గుర్తింపు పొంది, ఆ పరీక్షలు చేసే సామర్థ్యం ఉందన్న ధ్రువీకరణ (అక్రెడిటేషన్) ఉన్న ల్యాబుకే పంపాలని రాయండి. అక్రెడిటేషన్ ల్యాబు మొత్తానికి ఒకేసారి వచ్చే ముద్ర కాదు, పరీక్ష పరీక్షకూ విడిగా ఉంటుంది. ఒకటి రెండు గ్రాముల తేడా అయితే నేను మిమ్మల్ని ఆపేవాణ్ని. 2016 నాటి న్యూట్రాస్యూటికల్ (పోషక అనుబంధ ఆహారాల) నిబంధనలు ప్రకటించిన విలువలో పది శాతం తగ్గుదల వరకు వెసులుబాటు ఇచ్చాయి. అంటే 24 గ్రాములకు 21.6. మీ అంకె ఆ గీతకు చాలా దిగువన ఉంది.

దారి ఇదీ. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సరుకు నాణ్యతలో, పరిమాణంలో, శక్తిలో, స్వచ్ఛతలో లోపం ఉంటే అది లోపభూయిష్టమైన వస్తువే. 38(2)(సి) సెక్షన్ మీలాంటివాళ్ల కోసమే ఉంది. పరీక్ష చేస్తే తప్ప తేలని లోపమైతే కమిషనే మీ దగ్గర నమూనా తీసుకుని, సీలు వేసి, ధ్రువీకరించి ల్యాబుకు పంపుతుంది. ల్యాబు 45 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. ఫీజు ముందుగా మీరు జమ చేయాల్సి రావచ్చు, దాన్ని ఖర్చుల కింద తిరిగి అడగండి. అలా వచ్చిన రిపోర్టును "నమూనా ఎక్కడిదో" అని కొట్టిపారేయడం ఏ కంపెనీకీ తేలిక కాదు. ఫిర్యాదు మీరుండే ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. సరుకు విలువ అయిదు లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. తయారీదారును, ఇన్వాయిస్‌లో పేరున్న అమ్మకందారును, ఆన్‌లైన్ వేదికను ముగ్గురినీ ఎదుటిపక్షంలో చేర్చండి. ఒకరిని వదిలేస్తే మిగతా ఇద్దరూ తప్పు అతని మీదికి తోస్తారు. పరీక్ష దరఖాస్తును ఫిర్యాదుతో పాటు అదే రోజు దాఖలు చేయండి, తర్వాత చూద్దాం అనుకోవద్దు.

ఎందుకంటే మీకు కాలం రెండు రకాలుగా కరిగిపోతోంది. 69వ సెక్షన్ కింద కాలపరిమితి రెండేళ్లు. కొన్న తేదీ నుంచే లెక్కించుకోండి, అదే క్షేమం. ఆ లెక్కన 2027 మార్చి దాకా ఉంది, ఇంకా చాలా టైముంది అనిపిస్తుంది. లేదు. మీరు పంపిన ఫొటోలో డబ్బా గడువు 2026 జూలై. గడువు దాటిన పొడిని పరీక్షిస్తే "నిల్వలో పాడైంది" అంటారు, ఆ మాటను తిప్పికొట్టడం చాలా కష్టం. మీకు అసలు కాలపరిమితి డబ్బా మీద అచ్చయిన ఆ తేదీయే. నోటీసులు, వాయిదాలు, ల్యాబు పట్టే రోజులు అన్నీ దానిలోపు ఇమడాలి. ఈ నెలలోనే వేయండి.

నమూనా లేకపోయినా గెలిచినవాళ్లు ఉన్నారు కదా అని మీకెవరైనా చెబుతారు. ఉన్నారు. నాసి విత్తనాల మీద ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసుల్లో, రైతు విత్తనాలన్నీ చల్లేశాక పరీక్షకు మిగల్చలేదని ఫిర్యాదు కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. మీ మొదటి డబ్బా విషయంలో ఆ తీర్పు కొంత పనికొస్తుంది. కానీ బీరువాలో సీలు తీయని డబ్బా పెట్టుకుని, దాన్ని పోగొట్టుకుని, ఆ రైతులకు చూపిన వెసులుబాటు మీకూ చూపమంటే ఏ కమిషనూ ఒప్పుకోదు.

ఇప్పుడు మీ బావమరిది కొడుకు సలహా. ఆ మెయిలు పంపకండి. "డబ్బు ఇవ్వకపోతే మీ పరువు తీస్తాం" అని రాసిన మరుక్షణం ఫిర్యాదుదారు నిందితుడవుతాడు. భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద బలవంతపు వసూలు కోసం భయపెట్టడమూ నేరమే. పరువుకు హాని చేస్తామని భయపెట్టడం కూడా అందులోకే వస్తుంది. మీ డిమాండ్ న్యాయమైనదే కావచ్చు, బెదిరింపుతో జతచేస్తే న్యాయం పోతుంది. వీడియో పెట్టడం వేరే ప్రమాదం. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఒక ప్రొటీన్ పొడిని విమర్శించిన యూట్యూబర్ల వీడియోలపై మధ్యంతర నిషేధం ఇవ్వడానికి నిరాకరించిన మాట వాస్తవం. అక్కడ వాళ్ల వెనక ల్యాబు పరీక్షలున్నాయి. మీ వెనక బ్యాచ్ నంబరు లేని రిపోర్టు ఉంది. అదే సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసు వస్తే మీ మాట నిజమని, ప్రజల మేలు కోసం చెప్పారని నిరూపించాల్సింది మీరే. కమిషన్ పంపిన నమూనా రిపోర్టు వచ్చేవరకు గ్రూపుల్లో కూడా ఏమీ పెట్టకండి. మెయిలు ఇప్పటికే వెళ్లి ఉంటే దాచకుండా మీ వకీలుకు ముందే చెప్పండి.

పోలీసు కేసు అడిగారు. లేబుల్‌లో చెప్పినంత లేకపోవడం ఆహార భద్రత చట్టంలో నాసిరకం, తప్పుడు లేబుల్ కిందికి వస్తుంది. జైలు లేదు, జరిమానా మాత్రమే: నాసిరకానికి అయిదు లక్షల వరకు, తప్పుడు లేబుల్‌కు మూడు లక్షల వరకు. ఆ డబ్బు ప్రభుత్వానికి పోతుంది, మీకు రాదు. అయినా జిల్లా ఆహార భద్రత అధికారికి రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి, అదే బ్యాచ్ సరుకు మార్కెట్లో ఉంటే ఆయన పద్ధతి ప్రకారం నమూనా తీయగలరు. పొడిలో హానికరమైనది బయటపడి విషయం ప్రాసిక్యూషన్ (క్రిమినల్ కేసు) దాకా వెళితే 77వ సెక్షన్ కింద గడువు నేరం జరిగిన ఏడాదే, ఆహార భద్రత కమిషనర్ కారణాలు రాసి పొడిగిస్తే తప్ప. మీ కొనుగోలు లెక్కన అది 2026 మార్చితో అయిపోతుంది.

ఇంకొకటి చాలామందికి తెలియదు. అదే చట్టం 40వ సెక్షన్ కింద మామూలు కొనుగోలుదారు కూడా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. కానీ పరీక్షకు ఇస్తానని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలి. మీరు చెప్పలేదు, కాబట్టి ఈ డబ్బాకు ఆ దారి మూసుకుపోయింది.

మీ అబ్బాయి ఆరోగ్యం, పోయిన ఉద్యోగావకాశం, పది లక్షలు. వీటిని ప్రొటీన్ తగ్గుదలతో కలిపి రాస్తే బలమైన కేసు బలహీనమవుతుంది. క్రియాటినిన్ ఈ పొడివల్లే పెరిగిందని ఏ డాక్టరూ రాసివ్వలేదు. పొడిలో క్రియాటిన్ కలిసి ఉంటే కిడ్నీలు బాగున్నా ఆ అంకె కొంత పెరగవచ్చు. ల్యాబును క్రియాటిన్ చూడమనడానికి ఇది రెండో కారణం. ముందు అబ్బాయిని నెఫ్రాలజిస్టుకు (కిడ్నీ డాక్టరుకు) చూపించండి, పొడి వాడిన తేదీలు చెప్పి అవి కేసు షీటులో రాయించండి. డాక్టరు సంబంధం ఉందని రాస్తే ఉత్పత్తి బాధ్యత (సరుకు వల్ల జరిగిన హానికి తయారీదారు జవాబుదారీ) కింద విడిగా పరిహారం అడుగుదాం, అప్పుడు తయారీదారు నిర్లక్ష్యం చేయలేదని చూపినా తప్పించుకోలేడు, లేబుల్ మీది 24 అతని స్పష్టమైన హామీ కాబట్టి. ఈవెంట్స్‌లో ఉద్యోగం వచ్చేదన్న వాదన మాత్రం నిలవదు. ఇప్పటికి అడగదగ్గది డబ్బాల ధర వడ్డీతో, పరీక్షల ఖర్చు, మానసిక వేదనకు సహేతుకమైన మొత్తం, కేసు ఖర్చులు.

కంపెనీ మెయిలుకు ఇవాళే ఇలా జవాబివ్వండి: "రెండో డబ్బా సాక్ష్యంగా భద్రపరిచాను, తిరిగి పంపను. ఈ బ్యాచ్ విశ్లేషణ ధ్రువపత్రం పంపండి. మీ దగ్గర ఈ బ్యాచ్‌కు సంబంధించి దాచి ఉంచిన నమూనాను ధ్వంసం చేయవద్దు." ఇంతకు మించి ఒక్క మాట రాయవద్దు. డబ్బు ప్రస్తావన, వీడియో ప్రస్తావన ఏదీ వద్దు. ఆ తర్వాత ఆర్డరు పేజీని, ఇన్వాయిస్‌ను, చెల్లింపు వివరాన్ని డౌన్‌లోడ్ చేసుకోండి. అమ్మకం పేజీ రేపు మారిపోవచ్చు. వాటితో పాటు ఎలక్ట్రానిక్ కాపీలను సాక్ష్యంగా చూపడానికి కావలసిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం జతచేయాలి. వకీలు లేకుండా మీరే ఫిర్యాదు వేసి వాదించుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. అయితే పరీక్ష దరఖాస్తు ఒక్కదాన్ని తెలిసిన వకీలు చేత రాయించండి.