గెలవగల కేసు పార్కుది, చెరువు నీటిది కాదు

ప్రశ్న: హైదరాబాద్ శివారులో మా కాలనీ పార్కు చెరువు కట్టను ఆనుకుని ఉంది. మూడేళ్లుగా కొందరు పెంపుడు కుక్కలను అక్కడికి తెచ్చి, వాటి మలాన్ని తీయకుండా వదిలి వెళ్తున్నారు. వానలకు అదంతా చెరువులో కలుస్తోంది. అడిగితే అందరి ముందూ నన్ను అవమానించారు. సీసాలో నీళ్లు పట్టి ప్రైవేటు ల్యాబులో పరీక్ష చేయిస్తే కోలిఫాం (మలంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా) ఎక్కువగా ఉందని తేలింది. పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో వారి మీద నష్టపరిహారానికి కేసు వేయవచ్చా? కుక్కలకు మందు పెడితేనే వీళ్లకు బుద్ధి వస్తుందని కాలనీలో కొందరు అంటున్నారు.

జవాబు: చెరువులోని కోలిఫాం ఆ కుక్కల నుంచే వచ్చిందని మీరు రుజువు చేయగలరా అన్నదే మీ కేసును తేల్చే అంశం. మీ దగ్గరున్న నివేదికతో చేయలేరు. మామూలు కోలిఫాం పరీక్ష మలం కలిసిందని సూచిస్తుందే గాని, అది మనిషిదో, గేదెదో, కుక్కదో చెప్పదు. ఆ తేడా తెలియాలంటే బ్యాక్టీరియా డీఎన్ఏను బట్టి మూలాన్ని గుర్తించే ప్రత్యేక పరీక్ష చేయించాలి. చెరువులోకి దిగే మురుగు కాలువ ఫొటో ఒక్కటి అవతలి పక్షం చూపిస్తే మీ వాదన అక్కడితో ఆగిపోతుంది. పైగా శుభ్రపరచిన సీసా, మంచుపెట్టె, సీలు, సాక్షుల సంతకాలు ఏవీ లేకుండా నమూనా తీయడం పెద్ద అజాగ్రత్త. అలాంటి కాగితాన్ని నమ్ముకుని ట్రిబ్యునల్‌కు వెళ్లకండి.

కాలపరిమితి కూడా మీకు అనుకూలంగా లేదు. ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద, వివాదానికి కారణం మొదట తలెత్తిన నాటి నుంచి 6 నెలల్లో దరఖాస్తు చేయాలి; తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. మీరే మూడేళ్లని రాశారు. నష్టపరిహారం కోరే 15వ సెక్షన్‌కు 5 ఏళ్ల గడువున్నా, అక్కడ మళ్లీ ఆ రుజువే అడుగుతారు.

మందు పెట్టే మాట ఇక ఎవరి నోటా రానివ్వకండి. జంతువుకు విషం పెడితే, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద 5 ఏళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఆ విషం వానకు కొట్టుకుపోయేది మీరు కాపాడాలనుకుంటున్న చెరువులోకే.

మీకు నిలబడే మార్గం భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్. బహిరంగ స్థలంలో ప్రజలకు ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఆదేశించే అధికారం దీని కింద సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, అంటే ఆర్డీవోకు ఉంది. ఇక్కడ నీటి కాలుష్యాన్ని నిరూపించనక్కర లేదు, పార్కులో మలం పేరుకుపోతోందని చూపితే చాలు. దీనికి ముందున్న సీఆర్‌పీసీ 133వ సెక్షన్ కింద వచ్చిన, మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణ మునిసిపాలిటీ కేసులో, నిధులు లేవన్న సాకుతో మునిసిపాలిటీ తన విధిని తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 1980లోనే తేల్చింది.

అందుకే కుక్కల యజమానులతో పాటు, ముఖ్యంగా మునిసిపాలిటీని ప్రతివాదిగా చేర్చండి. ముందుగా కమిషనరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. పార్కు శుభ్రత రికార్డులను మునిసిపాలిటీ నుంచి, ఆ చెరువు నీటి పరీక్షల ఫలితాలు ఉంటే కాలుష్య నియంత్రణ మండలి నుంచి సమాచార హక్కు చట్టం కింద కోరండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. వేర్వేరు రోజుల్లో తేదీ, సమయం కనిపించేలా ఫొటోలు తీసి, అసలు ఫైళ్లను ఫోనులోనే ఉంచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఇవ్వాల్సిన ధ్రువపత్రం లేకపోతే వాటి ప్రింట్లపై అభ్యంతరం వస్తుంది. అర్జీలో మూత ఉన్న డబ్బాలు, రోజువారీ సేకరణ, మలం తీయని వారికి జరిమానా, వాననీరు నేరుగా చెరువులోకి జారకుండా కట్ట పొడవునా గడ్డి పట్టీ కోరండి. ఇరుగుపొరుగు మరికొందరి సంతకాలు కూడా తీసుకుని వానాకాలం మొదలయ్యేలోపే దాఖలు చేయండి.