పసివాడితో డాలస్ దాకా ఒక్కదాన్నే వెళ్లగలనా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. కాన్పుకి పుట్టింటికి వచ్చాను, బాబుకి ఐదో నెల. మావారు డాలస్‌లో ఉద్యోగం చేస్తారు. బాబు పాస్‌పోర్టు, వీసా వచ్చేశాయి. వచ్చే నెల హైదరాబాద్ నుంచి దోహా మీదుగా టికెట్ తీస్తానంటున్నారు. ఆయనకు లీవ్ దొరకదట, నన్ను ఒక్కదాన్నే రమ్మంటున్నారు. అత్తయ్యేమో ఏడాది నిండేదాకా పిల్లాణ్ణి విమానం ఎక్కించొద్దంటున్నారు. వాడు ఏడిస్తే చుట్టుపక్కల వాళ్లు విసుక్కుంటారని నా భయం. పోయినసారి నేను వచ్చేటప్పుడు ఒక పాప రాత్రంతా ఏడిస్తే నేనే విసుక్కున్నాను. అది గుర్తొస్తే నిద్ర పట్టట్లేదు. ఏం చేయను?

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించి వేశాం గానీ నేను మొత్తం చదివాను. అందులో సగానికి పైగా విమానంలో మీ పక్కన కూర్చోబోయే, ఇంకా మీరు ముఖం కూడా చూడని మనుషుల గురించే ఉంది. మీవారి గురించి మాత్రం ఒకే ఒక్క మాట, లీవ్ దొరకదట అని. నేను అక్కడే ఆగిపోయాను. ఆయనకు నిజంగా దొరకదా, లేక ఆయన అన్నారు మీరు ఊరుకున్నారా? ఎందుకు అడుగుతున్నానంటే, హైదరాబాద్ నుంచి దోహా నాలుగు గంటల పైన, అక్కడ ఆగడం, మళ్లీ దోహా నుంచి డాలస్ దాదాపు 16 గంటలు, ఇదంతా ఒళ్లో పిల్లాడితో, కాన్పయి ఐదు నెలలైన మనిషి ఒక్కతే చేయాలంటే చేయలేనిదేం కాదు, చేస్తున్నవాళ్లు ఉన్నారు, కానీ బాత్రూమ్‌కి వెళ్లాలంటే బిడ్డను ఎవరి చేతికివ్వాలి అన్న చిన్న ప్రశ్న దగ్గరే మనిషి కుదేలైపోతుంది. ఆయన రాలేకపోతే మీ అమ్మగారికి విజిటర్ వీసా ఉందా, తెలిసినవాళ్లలో అదే ఫ్లైట్‌కి వెళ్లేవాళ్లున్నారా, తోడు వెతికి పెట్టే పని ఆయనది. టికెట్ కొనేసి చేతులు దులుపుకుంటే సరిపోదు.

ఇక మీ అత్తగారి మాట. పసివాడి మీద ప్రేమతోనే అన్నారు, కాదనను. కానీ ఏడాది నిండిన పిల్లాడితో ఇదే ప్రయాణం ఇంకా కష్టం. నడక వచ్చిన పిల్లాణ్ణి 16 గంటలు సీట్లో కూర్చోబెట్టడం మీ తరం కాదు, నా తరం కూడా కాదు. ఇప్పుడైతే బాసినెట్‌లో పడతాడు. ముందు వరుసలో గోడకు తగిలించే ఊయల లాంటిది అది, విమానంలో కొన్నే ఉంటాయి, టికెట్ తీసిన రోజే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి అడిగి పెట్టుకోవాలి, బయలుదేరేముందు మళ్లీ ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి. సీట్‌బెల్ట్ లైట్ వెలిగినప్పుడల్లా బిడ్డను తీసి ఒళ్లో పెట్టుకోమంటారు, అప్పుడే నిద్రపోయిన పిల్లాడైనా సరే, దానికి మాత్రం సిద్ధపడండి. అత్తగారితో వాదన పెట్టుకోకండి, ఆరో నెలలో అన్నప్రాసన చేసుకుని, ఆవిడ చేత్తో పాయసం నాకించాక బయలుదేరతామని చెప్పండి. సగం కోపం అక్కడే పోతుంది. (ఆవకాయ జాడీలు మాత్రం ఈసారి వద్దని ముందే చెప్పేయండి, మీకున్నవి రెండు చేతులే.)

బాబును ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించండి. జలుబు, చెవిపోటు లాంటివి ఉంటే తేదీ మార్చుకోవాల్సి రావచ్చు. ఆరు నెలలు నిండాక విదేశానికి వెళ్లే పిల్లలకు తట్టు టీకా కాస్త ముందుగానే వేస్తారు, అదీ అడగండి. ఇంకోటి. ప్రయాణంలో పడుకుంటాడు, ఒక చెంచా ఫెనర్గాన్ (మత్తుగా నిద్ర పట్టించే అలర్జీ మందు) పట్టించమ్మా అని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు, మన బంధువుల్లో ఈ వైద్యులకు కొదవ లేదు. వద్దు. రెండేళ్ల లోపు పిల్లలకు ఆ మందుతో ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది. తేనె కూడా ఏడాది నిండేదాకా నాలుక మీద పెట్టొద్దు.

ఏడుపు సంగతికొద్దాం. పిల్లలు విమానంలో ఎక్కువగా ఏడ్చేది చెవుల వల్ల. విమానం కిందికి దిగుతుంటే లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది, మనం గుటక వేసి సర్దుకుంటాం, వాడికి ఆ విద్య తెలియదు. పాలు తాగితే గుటకలు వాటంతట అవే పడతాయి. అందుకే ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పాలివ్వమంటారు. ఇందులో ఒక మెలిక ఉంది, అది నాకు మా పెద్దదాని విషయంలో తెలిసొచ్చింది. సీట్లో కూర్చోగానే సీసా నోట్లో పెట్టాను. విమానం రన్‌వే మీద ముప్పావు గంట కదల్లేదు. అది గాల్లోకి లేచేసరికి సీసా ఖాళీ, పిల్ల కడుపు నిండి ముఖం తిప్పేసుకుంది. కాబట్టి విమానం నిజంగా పరుగు అందుకున్నాకే మొదలుపెట్టండి, దిగేటప్పుడైతే నేల తాకడానికి అరగంట ముందు నుంచి. ముందు బటన్లున్న కుర్తా, ఒక పెద్ద చున్నీ ఉంటే ఎవరి చూపులతోనూ పని లేదు. డబ్బా పాలైతే పొడి, గోరువెచ్చని నీళ్లు వెంట తీసుకెళ్లండి. బిడ్డకు కావలసినంత పాలు, నీళ్లు 100 మిల్లీలీటర్లు దాటినా తీసుకెళ్లనిస్తారు, చెకింగ్‌లో మీరే ముందు తీసి చూపించండి. డైపర్లు లెక్క వేసుకున్నదానికి రెట్టింపు. బాబుకి మూడు జతల బట్టలు పెట్టుకుంటారు, అందరూ పెట్టుకుంటారు, మీకు ఒక జత పెట్టుకోవడం మర్చిపోతారు, వాడు చేసే పని వాడి మీదే ఆగదు కదా.

ఇవన్నీ చేసినా ఏడవచ్చు. ఏడిస్తే ఏడుస్తాడు. ఎత్తుకుని వెనక గ్యాలీ, అంటే భోజనాలు సర్దే చోటు, దగ్గర అటూ ఇటూ తిరగండి, ఎయిర్ హోస్టెస్‌లకు ఇది రోజూ చూసేదే. ఎవరైనా విసుక్కుంటే "చెవి నొప్పండీ, సర్దుకుంటాడు" అనండి, అంతకుమించి సంజాయిషీ వద్దు. ఆ రోజు మీరు విసుక్కున్న పాప తల్లి ముఖం మీకు గుర్తుందా? ఉండి ఉండదు. మీ ముఖమూ అంతే, డాలస్‌లో సామాను బెల్టు దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ గుర్తుండదు.

అసలు అలసట దిగాక మొదలవుతుంది. అక్కడికీ ఇక్కడికీ పదిన్నర, పదకొండున్నర గంటల తేడా, మీ బాబుకి అర్ధరాత్రి తెల్లారినట్టుంటుంది, వారం పాటు రాత్రి రెండింటికి ఆటలు మొదలుపెడతాడు. ఆయన తీసుకెళ్లడానికి రాలేకపోతే ఆ వారమైనా సెలవు పెట్టాలి, రాత్రి డ్యూటీ ఆయన చేయాలి. ఇది బతిమాలి అడిగేది కాదమ్మా, బిడ్డ ఇద్దరిదీ. ఇంకా టికెట్ తీయలేదు కదా, ఈ రాత్రి వీడియో కాల్‌లో బాబును చూపించే ముందు ఈ రెండూ అడగండి, తోడు ఎవరు, ఆ వారం సెలవు ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అని. జవాబు వచ్చాకే టికెట్ తేదీ చెప్పండి.