అద్దం మార్చాక కారు దానంతట అదే బ్రేక్ వేసింది, కేసు ఎవరి మీద?

ప్రశ్న: మాది తిరుపతి. మా సొంత కారులో అడాస్ (కెమెరా, రాడార్‌తో ముందు దారి చూసి, అవసరమైతే తానే బ్రేక్ వేసే డ్రైవర్ సహాయ వ్యవస్థ) ఉంది. రాయి తగిలి ముందు అద్దం పగిలితే కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే ఇన్సూరెన్స్ మీద మార్పించాను. కొద్ది రోజులకే చంద్రగిరి దాటాక, ముందు ఏ బండీ లేకపోయినా కారు గట్టిగా బ్రేక్ వేసింది. వెనక వస్తున్న వ్యాన్ గుద్దడంతో డిక్కీ నుజ్జయింది. ‘అడాస్ సాయం మాత్రమే చేస్తుంది, బాధ్యత డ్రైవర్‌దే’ అని సర్వీస్ సెంటర్ చేతులు దులుపుకుంది. వ్యాన్ డ్రైవరేమో తప్పు నాదే అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ముందు సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్ కార్డు (చేసిన పనుల కాగితం), బిల్లు తీసి చూడండి. అద్దం, గమ్, లేబర్ చార్జీల కింద ‘కెమెరా క్యాలిబ్రేషన్’ అనే లైను ఉందా? మీ కేసు బలం చాలావరకు దాని మీదే ఉంది.

అడాస్ కెమెరా, కారు లోపల వెనక బండ్లు చూసుకునే అద్దం వెనక, ముందు గాజుకు ఆనుకుని ఉంటుంది. గాజు మారిస్తే దాని చూపును మళ్లీ సరిచేయాలి. క్యాలిబ్రేషన్ అంటే ఇదే; బిల్లులో ఆ లైను లేకపోతే ఆ పని చేయలేదని మీరు వాదించవచ్చు. కెమెరా ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా 50 మీటర్ల దూరంలో దాదాపు 87 సెంటీమీటర్ల తేడా వస్తుంది. పక్క లేన్‌లో పోయే లారీ మీకు అడ్డంగా ఉన్నట్టు కారుకు అనిపించవచ్చు. రాడార్ సంగతి వేరు. అది సాధారణంగా ముందు బంపర్‌లోనో, లోగో వెనకో ఉంటుంది. అద్దం మార్చినంత మాత్రాన కదలదు.

‘సాయం మాత్రమే’ అన్న వాదన సగం నిజం. అడాస్‌ను నమ్మి స్టీరింగ్ వదిలేసి ఎవరినైనా గుద్దితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 281 (నిర్లక్ష్యంగా బండి నడపడం) కింద కేసు మీ మీదే పడుతుంది. కానీ మీ ఫిర్యాదు అడాస్ కాపాడలేదని కాదు కదా! రిపేరు సరిగా చేయకపోవడం వల్ల ప్రమాదం జరిగిందని. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అది సేవా లోపం. సెక్షన్ 85 కింద సర్వీస్ చేసినవాళ్ల మీద, సెక్షన్ 84 కింద తయారీదారు మీద పరిహారం అడగవచ్చు. నేనైతే ఇద్దరినీ పార్టీలుగా చేరుస్తాను. లేకపోతే ఒకరు ఇంకొకరి మీదకు తోసేస్తారు.

వాళ్ల లాయరు సెక్షన్ 87 ఎత్తుకుంటాడు. వస్తువును మీరే మార్చారనో, సరిగా వాడలేదనో వాదన. మన ఊళ్లో ఇది ఊరికే కొట్టిపారేసేది కాదు. అలిపిరి దగ్గర వాహన పూజ చేయించి, లోగో మీదుగా దండ వేసి, కెమెరా ముందే నామాల స్టిక్కర్ అంటించుకున్న కార్లు రోజూ కనిపిస్తాయి. మీ కారుకు అలాంటివేమీ లేకపోతే ఆ మాట ఫిర్యాదులోనే రాసి, ఫొటోలు జత చేయండి.

వ్యాన్ డ్రైవర్ మాట మాత్రం అంత తేలిగ్గా నిలబడదు. 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల ప్రకారం వెనక వచ్చేవాళ్లు తగినంత దూరం పాటించాలి. అయితే తగిన కారణం లేకుండా ముందువాళ్లు సడన్ బ్రేక్ వేయకూడదని కూడా వాటిలోనే ఉంది. కాబట్టి అతనితో గొడవ పెంచుకోకుండా మీ ఇన్సూరెన్స్ కంపెనీకి జరిగింది జరిగినట్టు రాసివ్వండి. ‘నేనే బ్రేక్ వేశాను’ అని క్లెయిమ్ ఫారంలో రాస్తే, తర్వాత ఆ కాగితమే మీకు ఎదురు తిరుగుతుంది.

మళ్లీ క్యాలిబ్రేషన్ చేస్తామని పిలిస్తే వెంటనే కారు ఇవ్వకండి. కారు కంప్యూటర్ స్కాన్ రిపోర్టు ముందు ప్రింట్ తీయించుకోండి, వీలైతే మరో మెకానిక్ దగ్గర కూడా. రిపేరయ్యాక లోపాన్ని రుజువు చేయడం కష్టం. డాష్‌క్యామ్ వీడియో ఉంటే అసలు మెమరీ కార్డును దాచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో కాపీ దాఖలు చేయవచ్చు. అవసరమైతే వినియోగదారుల కమిషనే కారును పరీక్షకు పంపమనగలదు.

ముందుగా సర్వీస్ సెంటర్, తయారీదారు ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. కారు ఎక్కడ కొన్నా మీరు నివసించే తిరుపతిలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి 2 ఏళ్లు. కారు ధర 10 నుంచి 20 లక్షల మధ్య అయితే ఫీజు 400 రూపాయలు. నోటీసుకే రాజీకి వచ్చి డిక్కీ ఖర్చు ఇస్తామంటే, ‘పూర్తి పరిష్కారం’ అని సంతకం చేసే ముందు క్యాలిబ్రేషన్ రిపోర్టు కూడా చేతికి తీసుకోండి.